బెంగళూరులో అమ్మానాన్నలకు కేర్ హోమ్: ఫీజు ఎలా లెక్కేసుకోవాలి, డబ్బు ఎక్కడి నుంచి సర్దాలి

కేర్ హోమ్‌కి ఫోన్ చేసి "నెలకి ఎంతండీ?" అని అడిగితే వాళ్లు ఒక అంకె చెబుతారు. మన వాళ్లలో చాలామంది ఆ అంకె పట్టుకునే నాలుగు హోమ్‌లను పోల్చి, అందులో తక్కువగా ఉన్నది ఎంచుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి బిల్లు దాదాపు రెట్టింపవుతుంది, అన్నదమ్ముల మధ్య ఫోన్లు వేడెక్కుతాయి. ఆ మొదటి అంకె నడవగలిగే, తన పనులు తానే చేసుకోగలిగే మనిషికి సంబంధించింది. మనం మాత్రం అమ్మ మంచాన పడిన నాటి ఖర్చు లెక్కేసుకుని హోమ్ ఎంచుకోవాలి. ఈ వ్యాసం అంతా ఆ లెక్క గురించే.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఊళ్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉండలేరు, ఇక్కడ ఇంట్లో పగలంతా చూసుకునే మనిషి ఉండరు. ఆ పరిస్థితిలో హోమ్ వెతకడం తప్పేమీ కాదు. లెక్క తెలియకుండా చేర్చి, మధ్యలో డబ్బు చాలక పెద్దవాళ్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిప్పడమే వాళ్లను ఎక్కువ కుంగదీస్తుంది.

1. ముందు ఎలాంటి చోటు కావాలో తేల్చుకోండి

అన్నిటినీ "ఓల్డేజ్ హోమ్" అనేస్తాం కానీ, ఫీజు పద్ధతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ట్రస్టులు నడిపే వృద్ధాశ్రమాల్లో గది, భోజనం ఉంటాయి, నెల ఫీజు తక్కువ. కానీ మంచాన పడినవారిని చాలా చోట్ల చేర్చుకోరు, ఉన్నవారు మంచాన పడితే తీసుకెళ్లమంటారు. రిటైర్మెంట్ కమ్యూనిటీ అంటే ఫ్లాట్ కొనుక్కోవడమో లీజుకు తీసుకోవడమో. దాని మీద నెలనెలా మెయింటెనెన్స్, భోజనం ఖర్చు. అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లో స్నానం, బట్టలు, మందులు చూసే అటెండర్లు, నర్సులు ఉంటారు. మతిమరుపు జబ్బు ముదిరినవారికి డిమెన్షియా కేంద్రాలు వేరే ఉన్నాయి. మనుషులు ఎక్కువ కావాలి కాబట్టి వాటి ఖర్చూ ఎక్కువే.

ఏది అవసరమో మీరే ఊహించుకోకుండా, చేర్చే ముందు ఒకసారి వృద్ధుల వైద్యుడికి చూపించి, ఏ స్థాయి సహాయం కావాలో రాయించుకోండి. మతిమరుపు, అనుమానాలు, రాత్రిళ్లు లేచి తిరగడం లాంటివి ఉంటే బెంగళూరులోని మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పెద్దవయసు వారిని చూసే ప్రత్యేక విభాగం ఉంది. ఆ కాగితం ఉంటే హోమ్ వాళ్లు తమకు తోచినట్టు పై స్థాయి ఫీజు వేయలేరు.

ఆదాయం బొత్తిగా లేని పెద్దవారి సంగతి వేరు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం పేద వృద్ధుల కోసం ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపడే ఆశ్రమాలను రాష్ట్ర ప్రభుత్వం దశలవారీగా ఏర్పాటు చేయవచ్చు. అలాంటి చోటు దగ్గర్లో ఉందేమో తెలుసుకోవడానికి ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయండి. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, ఫోన్‌కి డబ్బు పడదు.

2. బిల్లును విడగొట్టి అడగండి

ఇక్కడ ఎంత ఓపిక పడితే అంత మంచిది. హోమ్ మేనేజర్ ముందు కూర్చున్నప్పుడు "అన్నీ కలిపి ఎంత?" అని అడగకండి. "మంచాన పడిన ఒక పేషెంట్‌కి పోయిన నెల వేసిన బిల్లు, పేరు కొట్టేసి చూపించండి" అనండి. నిజాయితీగా నడిపేవాళ్లు చూపిస్తారు. చూపించడానికి నసిగితే, వరుసకొక ప్రశ్న చొప్పున అడిగి రాసుకోండి.

ఆ బిల్లు ఎలా ఉంటుందో ఒక ఊహా లెక్కలో చూద్దాం. ఇద్దరు ఉండే గది, భోజనం, శుభ్రం చేయడం కలిపి 32,000. ఫోన్‌లో మీకు చెప్పేది ఇదే. మంచం మీద ఉన్న మనిషికి కేర్ చార్జీ 12,000. తర్వాత "కన్జ్యూమబుల్స్" అని ఒకే ఒక్క మాట ఉంటుంది. దాని కింద డైపర్లు, గ్లవ్స్, కింద పరిచే షీట్లు, ఉంటే కాథెటర్ (మూత్రం గొట్టం) సంచీ. రోజుకు నాలుగు డైపర్లంటే నెలకు 120. ఒక్కోటి 35 రూపాయలు వేసుకుంటే అదే 4,200. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ, ఒక్కోసారికి 600 చొప్పున 4,800. మందులు 5,500. మొత్తం 58,500. ఆ నెలలో జ్వరం వచ్చి మూడు రోజులు ఆసుపత్రిలో పెడితే, పక్కన ఉండే మనిషికి రోజుకు 1,500 చొప్పున ఇంకో 4,500. 32,000 అనుకున్నది 63,000 అయింది. ఎవరూ మోసం చేయలేదు, మనం అడగలేదు, అంతే.

డైపర్లు, మందులు మనమే బయట కొనిస్తే ఒప్పుకుంటారా అని ముందే అడగండి. కొన్ని హోమ్‌లు తమ దగ్గరే, అదీ ఎంఆర్‌పీకే కొనాలంటాయి. హోల్‌సేల్ షాపులోనో ఆన్‌లైన్‌లో పెద్ద ప్యాక్‌లోనో కొంటే బాగా తేడా వస్తుంది. ఎన్ని వాడారో రాసే పుస్తకం ఉందా అని కూడా అడగండి. వెళ్లినప్పుడల్లా ఆ పుస్తకం తిరగేస్తే లెక్కతోపాటు ఇంకో సంగతి బయటపడుతుంది: రోజుకు రెండే వాడుతున్నారంటే అమ్మ గంటల తరబడి తడిలో పడుకుంటోందన్నమాట.

ఆసుపత్రిలో ఉన్న రోజులకు మంచం చార్జీ పూర్తిగా వేస్తారా, భోజనం డబ్బు తగ్గిస్తారా? ఏసీకి కరెంటు విడిగానా? అంబులెన్స్ ఎవరిది? రాత్రిపూట నర్సు ఉంటుందా, ఫోన్ చేస్తే వస్తుందా? ఇవన్నీ డబ్బు ప్రశ్నలే.

మన వాళ్లకు ప్రత్యేకంగా ఉండే ఖర్చు ఒకటుంది, భాష. హిందూపురం, మడకశిర వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లకు కన్నడం బాగానే అర్థమవుతుంది, పెద్ద ఇబ్బంది ఉండదు. శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన అమ్మకు రాదు. హోమ్‌లో అటెండర్లు కన్నడమో హిందీయో ఒడియానో మాట్లాడతారు. డిమెన్షియా ఉన్న మనిషి రాత్రి లేచి "కొంచెం చారన్నం పెట్టమ్మా" అని అడిగితే అర్థంకాక నీళ్లిచ్చి పడుకోబెడతారు. నాలుగు రోజులు ఇలా జరిగితే ఆమె కేకలేస్తుంది. అప్పుడు హోమ్ వాళ్లు "ఈవిడకి విడిగా ఒక మనిషి కావాలి" అంటారు. అలా ఒకరికి ఒకరు చొప్పున పెట్టే అటెండర్ ఖర్చు గది అద్దెను కూడా మించిపోవచ్చు. అందుకని తెలుగు వచ్చిన అటెండర్ పగలు ఒకరు, రాత్రి ఒకరు ఉన్నారో లేదో చేర్చే ముందే చూడండి. తెలుగు పెద్దలు అప్పటికే నలుగురైదుగురు ఉన్న హోమ్ దొరికితే, నెలకు రెండు మూడు వేలు ఎక్కువైనా నేను దానికే ఓటు వేస్తాను.

3. డిపాజిట్‌ని కూడా నెల ఫీజులో కలిపి చూడండి

బెంగళూరులో అద్దె ఇంటికి నెలల తరబడి అద్దె అడ్వాన్స్ కట్టి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో కొంత పోగొట్టుకున్న అనుభవం చాలామందికి ఉంది. హోమ్ డిపాజిట్‌కి కూడా అదే జాగ్రత్త కావాలి. మూడు రకాల డబ్బు అడుగుతారు: తిరిగి ఇవ్వని అడ్మిషన్ ఫీజు, తిరిగి ఇచ్చే డిపాజిట్, ఏడాదికింత చొప్పున కోసుకుంటూ మిగిలింది ఇచ్చే డిపాజిట్. ఏది ఏదో రసీదు మీద స్పష్టంగా రాయించుకోండి.

డిపాజిట్ అసలు ధర ఇలా తెలుస్తుంది. ఒక హోమ్ 5 లక్షల డిపాజిట్, నెలకు 40,000 అడిగింది. ఇంకోటి డిపాజిట్ లేకుండా 44,000 అంది. ఆ 5 లక్షలు బ్యాంకులో 7.2 శాతానికి ఉంటే ఏడాదికి 36,000, అంటే నెలకు 3,000 వచ్చేది. కాబట్టి మొదటి హోమ్ అసలు ధర 43,000. నెలకు వెయ్యి ఆదా కోసం 5 లక్షలు వాళ్ల చేతిలో పెట్టాలా? నేనైతే పెట్టను. బ్యాంకు డిపాజిట్‌కి 5 లక్షల వరకు బీమా ఉంటుంది, హోమ్‌కి ఇచ్చిన డబ్బుకి అలాంటి రక్షణ లేదు. హోమ్ మూతపడితే ఆ డబ్బు కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సింది మనమే.

రిటైర్మెంట్ ఫ్లాట్ కొంటుంటే ఆ ప్రాజెక్ట్ కర్ణాటక రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్టర్ అయిందో లేదో చూసుకోండి. కట్టించే సంస్థ ఒకటి, సేవలు నడిపే సంస్థ ఇంకొకటి ఉంటే ఇద్దరితోనూ విడివిడిగా కాగితాలు ఉండాలి. తర్వాత అమ్మాలంటే 60 దాటినవారికే అమ్మాలనే షరతు ఉంటుందేమో అడగండి. ఉంటే కొనేవాళ్లు తగ్గిపోతారు, డబ్బు త్వరగా చేతికి రాదు.

4. జీఎస్టీ

రిజిస్టరైన ధార్మిక సంస్థలు నడిపే ఆశ్రమాల్లో 60 ఏళ్లు దాటినవారికి గది, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి నెలకు 25,000 వరకు ఫీజు ఉంటే జీఎస్టీ లేదు. ప్రైవేటు హోమ్‌లో అయితే చెప్పిన ధరలో జీఎస్టీ కలిసిందా లేదా, బిల్లులో ఏ వరుసకు వేస్తున్నారు, ఏ వరుసకు వేయడం లేదు అని అడిగి రాసుకోండి.

5. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి

మన దగ్గర హెల్త్ పాలసీలన్నీ చికిత్సకు డబ్బిస్తాయి, సంరక్షణకు ఇవ్వవు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, లేపి నడిపించడం లాంటి సేవలను ఇంట్లో అయినా నర్సింగ్ హోమ్‌లో అయినా పాలసీ నుంచి మినహాయించే ప్రామాణిక నిబంధన ఒకటి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టింది. మీ పాలసీ కాగితాల్లో ఎక్స్‌క్లూజన్ల జాబితాలో ఐదో నంబరు కోడ్ దగ్గర చూడండి.

70 దాటిన వారందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ 29న మొదలైంది. అదీ ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. ఆ 5 లక్షలు కుటుంబంలో 70 దాటినవారందరికీ కలిపి. కార్డు తీసి పెట్టుకోండి కానీ, హోమ్ దగ్గర్లో ఉన్న ఏ ఆసుపత్రి దాన్ని తీసుకుంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఉన్న హెల్త్ పాలసీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదిలేయకండి. ఈ వయసులో కొత్తది దొరకడం కష్టం.

6. డబ్బు ఎక్కడి నుంచి?

ముందు పెద్దవాళ్ల డబ్బు, తర్వాత పిల్లల డబ్బు. ఈ వరుస పెట్టుకుంటే గొడవలు తగ్గుతాయి, పెద్దవాళ్లకు కూడా "నా డబ్బుతో నేనుంటున్నా" అన్న ధైర్యం ఉంటుంది.

సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ మొదట చూడాల్సింది. 2023 ఏప్రిల్‌లో పరిమితిని 30 లక్షలకు, వడ్డీని 8.2 శాతానికి పెంచారు. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కానీ, మీరు చేరిన నాటి రేటు ఐదేళ్లూ మారదు. 30 లక్షల మీద 8.2 శాతం అంటే మూడు నెలలకోసారి 61,500, నెలకు 20,500 పడుతుంది. ఏడాది తర్వాత, రెండేళ్ల లోపు మూసేస్తే అసలులో 1.5 శాతం, రెండేళ్లు దాటాక అయితే 1 శాతం కోస్తారు. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో ఒక్కరి పేరు మీద 9 లక్షలు, జాయింట్‌గా 15 లక్షల వరకు పెట్టొచ్చు. 7.4 శాతం చొప్పున 9 లక్షలకు నెలకు 5,550 వస్తుంది.

ఇందాకటి 58,500 బిల్లు తీసుకుందాం. ఈ రెండిటి నుంచి 26,050. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ 18,000. అనంతపురంలో ఇల్లు అద్దెకిస్తే 9,000. మొత్తం 53,050. తగ్గింది 5,450. ముగ్గురు పిల్లలుంటే తలా 1,900 దాటదు. హాయిగా ఉంది కదా? ఐదేళ్ల తర్వాత చూడండి. ఫీజు ఏడాదికి 8 శాతం పెరిగితే 58,500 కాస్తా సుమారు 86,000 అవుతుంది. స్కీముల వడ్డీ అదే 26,050 దగ్గర ఉంటుంది. పెన్షన్ 21,000కి, అద్దె 11,000కి పెరిగాయనుకున్నా లోటు 28,000 దగ్గరికి వస్తుంది. కాబట్టి మొదటి ఏడాది నుంచే పిల్లలు కాస్త ఎక్కువ వేసి, మిగిలింది విడిగా ఒక ఎఫ్‌డీలో దాచడం మంచిది.

ఊళ్లో ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛనుని ఈ లెక్కలో కలపకండి. అది ఊళ్లో ఉండేవారి కోసం ఇచ్చేది.

రివర్స్ మార్టగేజ్ గురించి చాలామంది అడుగుతారు. 60 దాటినవారు తాము ఉంటున్న సొంత ఇంటిని బ్యాంకుకు తాకట్టు పెడితే, బ్యాంకే వాళ్లకు నెలనెలా డబ్బిస్తుంది. బతికున్నన్నాళ్లూ వాళ్లు ఏమీ కట్టక్కర్లేదు, వచ్చిన డబ్బు మీద పన్ను లేదు. వినడానికి బాగుంది. కానీ నేషనల్ హౌసింగ్ బ్యాంక్ మార్గదర్శకాల్లో ఒక మెలిక ఉంది: అప్పు తీసుకున్నవారు ఇల్లు వదిలి శాశ్వతంగా వృద్ధాశ్రమానికో బంధువుల ఇంటికో వెళ్లిపోతే అప్పు తీర్చాల్సిన సమయం వచ్చినట్టే. ఏడాదిపాటు ఎవరూ ఆ ఇంట్లో ఉండకపోతే శాశ్వతంగా వెళ్లినట్టు లెక్క. అంటే హోమ్ ఫీజు కోసం ఇది పనికిరాదు. నాన్నగారు హోమ్‌లో ఉండి, సహ రుణగ్రహీతగా అమ్మ ఇంట్లోనే ఉంటే మాత్రం పనికొస్తుంది.

ఇల్లు అమ్మడం చివరి దారి. చేర్చిన మొదటి నెలల్లో అస్సలు అమ్మకండి. హోమ్ నచ్చక అమ్మ తిరిగి వెళ్తానంటే వెళ్లడానికి ఇల్లుండాలి. ఎప్పటికైనా అమ్మితే, 2024 జూలై 23కి ముందు కొన్న ఇంటి లాభం మీద 12.5 శాతం, లేదంటే ధరల సూచీ సర్దుబాటుతో 20 శాతం, ఈ రెండిటిలో ఏది తక్కువైతే ఆ పన్ను కట్టే వెసులుబాటు మన దేశంలో నివసించేవారికి ఉంది.

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పంపే డబ్బు మీద అమ్మానాన్నలకు ఇక్కడ పన్ను పడదు, ఎంతైనా సరే. హోమ్ ఫీజుకంటూ విడిగా పన్ను రాయితీ ఏమీ లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి మాత్రం డిమెన్షియా, పార్కిన్సన్స్ లాంటి జబ్బులు తీవ్రంగా ఉంటే, స్పెషలిస్ట్ సర్టిఫికెట్ మీద వృద్ధుల చికిత్స ఖర్చుకు లక్ష వరకు మినహాయింపు దొరుకుతుంది. అందుకే బిల్లులో చికిత్స, మందులు విడిగా చూపించమని హోమ్‌ని అడగండి.

7. ఇల్లు రాసిచ్చే ముందు ఆగండి

"ఇల్లు తమ్ముడికి రాసిచ్చేస్తే ఫీజు వాడే కట్టుకుంటాడు" అనే ఒప్పందం మన కుటుంబాల్లో మామూలే. నోటిమాటగా మాత్రం చేయకండి. 2007 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటాననే షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. ఆ షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలంటూ ఒక తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. మీరు అంతదాకా వెళ్లే అవసరం రాకుండా, గిఫ్ట్ డీడ్‌లోనే "తల్లి సంరక్షణ, హోమ్ ఫీజు, వైద్యం ఖర్చు భరించాలి" అని రాయించండి.

పిల్లలు ఖర్చు పంచుకోవడానికి ఒప్పుకోకపోతే, అదే చట్టం కింద అసిస్టెంట్ కమిషనర్ దగ్గరి ట్రిబ్యునల్‌లో పోషణ కోసం అర్జీ పెట్టుకోవచ్చు. కూతుళ్లకూ కొడుకులకూ సమానంగా బాధ్యత ఉంది. చట్టంలో నెలకు 10,000 వరకు అనే పరిమితి ఉంది కాబట్టి హోమ్ ఫీజు మొత్తం అక్కడి నుంచి వస్తుందనుకోకండి.

8. బ్యాంకు పని చేతిలో సంతకం ఉండగానే చేయండి

ఇది ఆలస్యమైతే డబ్బు ఉండి కూడా ఫీజు కట్టలేని పరిస్థితి వస్తుంది. అమ్మకు మతి స్థిమితం తప్పితే, అంతకుముందు ఆమె ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు. కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ చెప్పేది అదే. డిమెన్షియా అని డాక్టర్ చెప్పిన తొలి రోజుల్లోనే, ఆమెకు అన్నీ అర్థమవుతుండగానే, ఖాతాలో నమ్మకస్తుడైన ఒక బిడ్డను "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే ఖాతా నడపగలిగేలా, చేర్చండి. ఆ ఖాతాకే వడ్డీలు, అద్దె వచ్చేలా, అందులోంచే హోమ్‌కి ప్రతి నెలా ఒక తేదీన డబ్బు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. మిగతా పిల్లలు కూడా తమ వాటా ఆ ఖాతాకే పంపాలి. ఎవరు ఎంత వేశారో స్టేట్‌మెంటే చెబుతుంది, మాటలు పెరగవు.

నవంబరు వచ్చిందంటే పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్. జీవన్ ప్రమాణ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో ఫోన్ కెమెరాతో ముఖం చూపించి హోమ్ మంచం దగ్గరే ఇవ్వచ్చు. అది మరిస్తే పెన్షన్ ఆగుతుంది, ఆ నెల ఫీజూ ఆగుతుంది.

9. సంతకం పెట్టే ముందు ఒప్పందంలో చూడాల్సినవి

ఏటా ఫీజు ఎంత శాతానికి మించి పెంచరో అంకెల్లో రాయాలి. "మార్కెట్ ధరలను బట్టి" అని ఉంటే ఒప్పుకోకండి. కేర్ స్థాయి మార్చే ముందు వైద్యుడి నివేదిక, కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని అడగండి. ఏ పరిస్థితిలో ఖాళీ చేయమంటారో, ఎన్నాళ్లు గడువిస్తారో చదవండి. నర్సింగ్ సేవలు ఇస్తామంటే కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. వీలైతే నెల రోజులు ట్రయల్‌గా, డిపాజిట్ లేకుండా ఉంచి చూడండి. దానికి రోజు లెక్కన కాస్త ఎక్కువ తీసుకున్నా నష్టం లేదు.

నెల ఫీజు నగదుగా ఇవ్వకండి. తర్వాత వివాదం వస్తే బ్యాంకు ఎంట్రీలు, రసీదులే మీ బలం. చెప్పిన సేవ ఇవ్వకపోయినా, డిపాజిట్ తిరిగి ఇవ్వకపోయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు ఉండదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు.

చివరిగా, అడగడానికి నోరు రాని ప్రశ్న ఒకటి. అమ్మ చనిపోతే డిపాజిట్ ఎన్ని రోజుల్లో, ఎవరి పేరు మీద తిరిగి ఇస్తారు? ఆ నెల ఫీజు చివరి రోజు వరకు పూర్తిగా తీసుకుంటారా, ఉన్న రోజులకే లెక్క కడతారా? నామినీ పేరు ఒప్పందంలో లేకపోతే అన్నదమ్ములందరి సంతకాలు తెమ్మంటారు, ఒకరు విదేశంలో ఉంటే అది నెలల పని. ఫారంలో నామినీ గడి ఖాళీగా వదలకండి, ఆ పేరు మిగతా పిల్లలకు కూడా అదే రోజు చెప్పేయండి.